పేగుల్లోని బ్యాక్టీరియా తగ్గితే మలబద్ధకం వస్తుందా?

ప్రశ్న: నా వయసు 44. ఏడాదిగా మలబద్ధకంతో బాధపడుతున్నాను. రక్తహీనతకు ఐరన్ మాత్రలు మొదలుపెట్టాక ఇది మరీ ఎక్కువైంది. పేగుల్లో మంచి బ్యాక్టీరియా తగ్గడమే కారణమని, ప్రోబయాటిక్ క్యాప్సూళ్లు వాడమని తెలిసినవారు చెబుతున్నారు. రోజూ పెరుగు తింటున్నా ఇవి అవసరమా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: బ్యాక్టీరియాకూ మలబద్ధకానికీ సంబంధం ఉన్న మాట నిజమే గానీ, అది మీకు చెప్పినంత సూటిగా ఉండదు. మన జీర్ణరసాలకు లొంగని పీచు పెద్దపేగుకు చేరాక, అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్ వంటి కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తుంది. ఇవి పేగు గోడలోని కణాలకు ఆహారమై, పేగు కదలికలకు ఊతమిస్తాయి. పేగులను కదిలించడంలో పాలుపంచుకునే సెరటోనిన్ ఉత్పత్తి మీదా ఈ సూక్ష్మజీవుల ప్రభావం ఉంటుంది. కొందరి పేగుల్లో మాత్రం మీథేన్ వాయువును తయారుచేసే సూక్ష్మజీవులు (ఇవి నిజానికి బ్యాక్టీరియా కాదు, ఆర్కియా అనే వేరే వర్గం) ఎక్కువగా ఉంటాయి. ఆ మీథేన్‌కూ పేగు కదలికలు మందగించడానికీ సంబంధం ఉన్నట్లు పరిశోధనల్లో కనిపించింది. అయితే మలం రోజుల తరబడి పేగులో నిలిచిపోయినా అక్కడి బ్యాక్టీరియా తీరు మారిపోతుంది కాబట్టి, కనిపించిన తేడా కారణమో ఫలితమో తేల్చడం కష్టం. అందుకే బ్యాక్టీరియా రకాలు తెలుసుకోవడానికి ఖరీదైన మలపరీక్షలు చేయించుకోమని నేను చెప్పను.

మీ విషయంలో ముందు చూడవలసింది ఐరన్ మాత్రలు. వీటివల్ల మలం నల్లగా, గట్టిగా రావడం మామూలే. సొంతంగా మానేయకండి, రోజు విడిచి రోజు వేసుకోవచ్చా, మరో రకానికి మారవచ్చా అని మీ డాక్టరును అడగండి. థైరాయిడ్ పనితీరు మందగించినా మలబద్ధకం రావచ్చు కాబట్టి, ఆ పరీక్ష కూడా చేయించుకోండి.

పెరుగు మంచిదే, కానీ అందులోని బ్యాక్టీరియా చాలావరకు పేగుల్లో స్థిరపడదు. క్యాప్సూళ్లలో బైఫిడోబ్యాక్టీరియం లాక్టిస్ వంటి ఒకటి రెండు రకాలు కొన్ని అధ్యయనాల్లో కొంత మేలు చేశాయి. ఆ మాట అన్ని రకాలకూ వర్తించదు. నాలుగు వారాలు వాడినా తేడా లేకపోతే ఆపేయండి.

నా దృష్టిలో, ఉన్న బ్యాక్టీరియాకు సరైన మేత వేయడమే అంతకంటే ముఖ్యం. మన జాతీయ పోషకాహార సంస్థ 2000 కిలోకేలరీల ఆహారానికి సుమారు 30 గ్రాముల పీచు ఉండాలంటోంది; పాలిష్ బియ్యపు అన్నంతో అది ఎంతమాత్రం అందదు. గోరుచిక్కుడు, తోటకూర, పొట్టు పెసలు, జొన్నరొట్టె, జామపండు నెమ్మదిగా పెంచుకుంటూ పోండి, ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది. ఇసబ్‌గోల్ వాడితే పెద్ద గ్లాసుడు నీళ్లతో, ఐరన్ మాత్రకు కనీసం రెండు గంటల ఎడం ఉంచి తీసుకోండి.

మలంలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఆలస్యం చేయకండి. రక్తహీనతకు కారణం ఇంకా తేలకపోతే, కొలనోస్కోపీ (గొట్టం కెమెరాతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) అవసరమేమో జీర్ణకోశ వైద్యులను అడగండి.