దసరా దాకా ఆగు

పర్లాకిమిడి
ఫిబ్రవరి 2019

చిరంజీవి చిన్నాకి,

అత్త ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ మావయ్యా బాగానే ఉన్నాం. చలి తగ్గినా ఆయన మోకాలి నొప్పి మాత్రం తగ్గలేదు.

నువ్వు విశాఖలో ఉద్యోగం మానేసి ఊరికి వచ్చేస్తున్నావని మొన్న మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. "చిన్నా వచ్చేస్తానంటున్నాడు వదినా" అంటూ ఎంత సంబరపడిపోయిందో! నాకూ సంతోషం పట్టలేదు, వెంటనే మీ మావయ్యకి చెప్పాను. రాత్రి అన్నాల వేళకి భయం మొదలైంది. కుర్రాళ్లంతా సూరత్ మిల్లులకీ హైదరాబాదు కట్టడాలకీ వెళ్లిపోతుంటే తిరిగి వస్తానన్నవాడివి నువ్వొక్కడివి. మా పుట్టింటి పిల్లాడివని చెప్పుకోవడానికి గొప్పగానే ఉంటుంది. కానీ సంక్రాంతికి వచ్చి నాలుగు రోజులు తిరిగి తీసుకున్న నిర్ణయం ఇది. ఆ మాట విన్నాక ఊరుకోలేకపోయాను. ఫోనులో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

చిన్నాచితకా ముందే చెప్పేస్తాను. మొన్నటి వరద తర్వాత మన బావి మొత్తం తోడించి బ్లీచింగ్ వేయించేదాకా ఆ నీళ్లు ఎవరూ తాగొద్దు. పడిపోయిన వెనక గోడ మట్టిని చేత్తో కదపొద్దు, పాములుంటాయి. రాజీనామా ఇప్పుడే ఇవ్వకు, సెలవు పెట్టు. పాప బడి ఏడాది మధ్యలో మాన్పించకు. ఇది ఒడిశా, ఇక్కడ బడిలో ఒడియా కావాలి. పాపకి నువ్వూ నేనూ మాట్లాడుకునే తెలుగే వచ్చు. చేర్చేముందే ఇంటి దగ్గర ఎవరి చేతనైనా అక్షరాలు దిద్దించాలి. నేనే దిద్దిస్తాను, నన్ను అడుగు.

ఇక అసలు సంగతి. నువ్వు ఊరిని చూసింది సంక్రాంతికి. ఆ నెలలో మన ఊరిని చూస్తే ఎవరికైనా ఉండిపోవాలనే అనిపిస్తుంది. ఏరు సన్నగా పారుతుంది, ఇసుక మీద పిల్లలు ఆడుకుంటారు, మెట్టన గరువు మీద కందులు కోస్తుంటారు. అక్టోబరులో నువ్వు అక్కడ లేవు. టీవీలో చూసి ఉంటావు.

తిత్లీ తుపాను 11వ తేదీ తెల్లవారుజామున పలాస వైపు తీరం దాటింది. నవరాత్రులు మొదలైన మర్నాడు. పర్లాకిమిడిలో మా వీధి చెట్లు పడ్డాయి, కరెంటు పోయింది, పెంకులు ఎగిరాయి. గాలి తగ్గాక అందరూ వీధుల్లోకి వచ్చి ఎవరింట్లో ఏం పోయిందో చూసుకున్నారు. గండం గడిచిందనుకున్నారు. మీ మావయ్య కూడా అన్నారు. నేను మాత్రం మీ అమ్మకి ఫోను కలపాలని చూస్తూనే ఉన్నాను. ఫోన్లు పని చెయ్యలేదు. తీరం దాటిన తుపాను తిన్నగా పోకుండా ఈశాన్యానికి మళ్లి, కొండల మీద కుమ్మరించింది. రాయగడ బ్లాకులో బరఘర అనే ఊళ్లో కొండవాళ్లు గాలివానకి భయపడి గుహలో తలదాచుకుంటే కొండచరియ విరిగి వాళ్ల మీదే పడింది. గాలికి భయపడి దాక్కుంటే వాన ప్రాణం తీసింది.

మన ఊరికి గాలి వల్ల వచ్చే భయం కొంతే. ఏరు వల్ల వచ్చేది చాలా. వంశధార ఎక్కడో కలహండి కొండల్లో పుట్టి వస్తుంది. మనకి ఎండ కాస్తున్నా పైన వాన పడితే చాలు. ఆ వాన మనకి కనపడదు, వినపడదు. నువ్వు పుట్టి పెరిగింది అక్కడే, ఇవన్నీ తెలుసంటావు. నీ చిన్నతనంలో ఏరొస్తే మీ నాన్న నిన్ను భుజాన వేసుకుని గుడి దిబ్బ మీదకి తెచ్చేవాడు. నీకు అదొక ఆటగా గుర్తుండి ఉంటుంది.

మీ నాన్న సంగతి నీకు ఒకటి చెప్పాలి. వాడు బతికుండగా చెప్పనివ్వలేదు.

1980 సెప్టెంబరులో వచ్చిన వరద గురించి నువ్వు వినే ఉంటావు. కాశీనగర్ దగ్గర వంశధార 54.6 మీటర్లకి వస్తే ప్రమాదమని లెక్క. ఆ యేడు 58 దాటింది. గుణుపూర్ నుంచి కిందిదాకా ఊళ్లన్నీ మునిగాయి. మా అమ్మా నాన్నా, మీ నాన్న, కొత్తగా కాపురానికి వచ్చిన మీ అమ్మ, అందరూ మా రెండు గదుల అద్దె ఇంటికి వచ్చారు. ఆ చలికాలమంతా అక్కడే. మీ నాన్నకి బరంపురంలో ఒక బట్టల కొట్టులో గుమస్తా పని కుదిరింది. యజమాని మంచివాడు. జీతం తక్కువైనా నెలనెలా ఇచ్చేవాడు.

సంక్రాంతికి మీ నాన్న ఒక్కడే ఊరు చూసొస్తానని వెళ్లాడు. తిరిగొచ్చి మా గుమ్మంలో నిలబడి పిడికిలి విప్పాడు. చేతిలో నల్లటి మెత్తటి మట్టి. "చూడక్కా, ఏరు మన పల్లంలో ఒండ్రు పోసి వెళ్లింది. మూడేళ్లు ఎరువక్కర్లేదు" అన్నాడు. పొలమంతా గడ్డి మొలిచి పచ్చగా ఉందట. మా నాన్న కళ్లు తుడుచుకున్నాడు. ఆ రాత్రి ఇంట్లో పండగే.

ఆ ఒండ్రు నాలుగు వేళ్ల మందం. దాని కింద మోకాలి లోతు ఇసుక మేట. గునపం పట్టుకెళ్లి ఒక్కచోట తవ్వి చూస్తే తెలిసేది. ఎవరూ తవ్వలేదు. మీ తాత ఊళ్లో పెద్ద రైతు, పొలాన్ని చూపుతోనే చెప్పేస్తాననేవాడు. కొట్టు యజమానికి మీ నాన్న ఆ వారమే చెప్పేశాడు. బరంపురంలో తెలిసినవాళ్లందరికీ, పర్లాకిమిడిలో చుట్టాలందరికీ "మేం ఊరికి వెళ్లిపోతున్నాం" అని చెప్పాడు. మా అమ్మ మెళ్లో కంటె అమ్మి ఎడ్లు కొన్నాడు. పంట మీద ఇస్తానని ఒక షావుకారు దగ్గర అప్పు రాశాడు.

జ్యేష్ఠంలో దుక్కి మొదలుపెట్టాడు. రెండో చాలుకే నాగలి వెంట తెల్లటి ఇసుక లేచింది. వాడు ఆగలేదు. నారు పోశాడు, నాట్లు వేశాడు. సాయంత్రం కట్టిన నీరు పొద్దుటికి ఇంకిపోయేది. దసరాకి చేను పసుపు పచ్చగా అయిపోయింది. అది చూసి మా అమ్మ మంచం పట్టింది. ఆ దీపావళికి బరంపురం కొట్టు నుంచి కబురొచ్చింది, పని ఇంకా ఉంది, రమ్మని. వెళ్లలేదు. అందరితోనూ వచ్చేశానని చెప్పుకున్నాడుగా, ఏ మొహంతో వెళ్తాడు? రెండో ఏడు మళ్లీ వరే వేశాడు. అప్పు పెరిగింది. మూడో ఏడుకి ఎడ్లు పోయాయి.

నాకు ఇప్పటికీ కోపం వచ్చేది ఆ రెండో ఏడు మీదే. మొదటి ఏడు తెలియక చేశాడు, సరే.

మీ అమ్మ మొదటి ఏడే చెప్పింది, ఇసుకలో దోస, పుచ్చ పాదులు పెడదామని. వాళ్ల కన్నవారి ఊళ్లో ఏటి ఇసుకలో అవే పెడతారు. వరి పండించిన ఇంట్లో పుచ్చకాయలేంటని మా నాన్న మొహం మాడ్చుకున్నాడు. కొత్త కోడలి మాట ఎవరు వింటారు? మూడో ఏడు ఎడ్లు పోయాక విన్నారు. ఆ పుచ్చకాయలతోనే అప్పు తీరింది, నీ చదువూ అయింది. చిన్నప్పుడు తట్ట నెత్తిన పెట్టుకుని సంతకి వెళ్లానని నవ్వుతూ చెప్పుకుంటావు కదా. ఆ తట్ట ఎందుకు వచ్చిందో మీ నాన్న నీకు చెప్పలేదు. వరద వచ్చినా ఊరిని వదలని మనిషి అని ఊళ్లో అందరూ అంటుంటే విని ఊరుకునేవాడు. వదలకపోవడమూ నిజమే, అది నేను కాదనను. వాడిది మొండితనమని తిట్టినదాన్నే, వాడు పోయిన రోజు గుండెలు బాదుకున్నదాన్ని కూడా నేనే. నీ నడకలో వాడే కనిపిస్తాడురా. అందుకే ఇంత టెన్షన్.

కాబట్టి ముందు గునపం తీసుకుని పల్లానికి వెళ్లు. ఒక్కచోట కాదు, గట్టు దగ్గరా, నడుమా, కింది చివరా తవ్వి చూడు. మూడు అంగుళాలకు మించి ఇసుక మేట ఉంటే తీయించుకోవడానికి సన్న, చిన్నకారు రైతులకి సర్కారు సాయం ఉంది. ఆర్.ఐ. ఆఫీసులో, అదే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు దగ్గర అడుగు. అయితే ఆ డబ్బుతో ఇసుకంతా పోతుందనుకోకు. ఇసుక ఎక్కువుంటే పల్లం మీద ఆశ పెట్టుకోకుండా గరువు మీద జీడిమామిడి, కంది చూసుకో. ఏం వేయాలో ఈసారి మీ అమ్మని ముందు అడుగు.

ఇల్లు మాట. సర్కారు ఇళ్ల పథకం బిజు పక్కా ఘర్ కింద పేరు వచ్చిందని మీ అమ్మ అంది. ఆ డబ్బు ఒక్కసారి రాదు. పునాది లేచాక కొంత, స్లాబు దాకా వచ్చాక కొంత ఇస్తారు. కిస్తు తొందరగా రావాలని జనం పునాది పొట్టిగా వేసి ఫొటో తీయించుకుంటున్నారు. నువ్వు అలా వెయ్యొద్దు. గుడి మండపం స్తంభం మీద 1980 నీటి గుర్తు ఇంకా ఉంది. మొన్నటి వరద దానికి కొంచెం కిందనే ఆగింది. ఆ పై గుర్తు నుంచి మన ఇంటి దాకా తాపీమేస్త్రి చేత నీటిగొట్టంతో మట్టం కొలిపించు. నేల దానికి మూర ఎత్తున ఉండాలి. నీ చేతి డబ్బు పడుతుంది, పడనీ. స్లాబు మీదకి ఎక్కడానికి మెట్లు బయటినుంచి ఉండాలి, లోపలినుంచి కాదు. మీ అమ్మకి ఆ మెట్లు ఎక్కడం రావాలి, కాబట్టి పొట్టి మెట్లు కట్టించు. అసలు దిబ్బ వైపు స్థలం దొరికితే ఇంకా మంచిది. సరపంచ్‌తో మాట్లాడు. పాత ఇంటి చోటే కావాలని మీ అమ్మ ఏడిస్తే నాకు ఫోను చెయ్యి, నేను చూసుకుంటాను.

వంశధార నీళ్ల మీద ఒడిశా, ఆంధ్రా రెండూ ట్రిబ్యునల్ దాకా వెళ్లాయి, 2017లో తీర్పూ వచ్చింది. నీళ్లు తక్కువైతే వాటా కోసం అందరూ వస్తారు. ఎక్కువైన రోజున నాదంటే నాదని ఎవరూ రారు. ఆ రోజు నువ్వే చూసుకోవాలి. వానాకాలంలో కాశీనగర్ దగ్గర నీటిమట్టం ఎంతుందో రోజూ కనుక్కో. ఎగువన గుణుపూర్‌లో పెరిగిందంటే మనకి కొంత వ్యవధి ఉన్నట్టే. ఆ వ్యవధిలో సామాను సర్దకు, మీ అమ్మనీ పాపనీ దిబ్బ ఎక్కించు. గాలి ఆగిందని ఎవరైనా అంటే నమ్మకు. గాలి ఆగాకే ఏరు వస్తుంది. ఇదొక్కటి పదిసార్లు చెప్పినా నాకు తక్కువే.

అమ్మాయి, అదే నీ భార్య సంగతి. నువ్వు తనని అడిగావా, చెప్పావా? విశాఖలో పుట్టిన పిల్ల. కరెంటు రెండు వారాలు లేని ఇంట్లో, భాష రాని ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. రానంటే తప్పు పట్టకు. వస్తానంటే వెంటనే సంబరపడకు, ఎందుకు వస్తానందో కనుక్కో. నీ కోసం అయితే ఇంకోసారి అడుగు.

పట్టా ఇంకా మీ తాత పేరు మీదే ఉంది. మీ మావయ్య అమీనుగా భూములు కొలిచే పని చేసినవాడు, ఎన్నిసార్లు చెప్పినా మీ నాన్న మార్పించలేదు. పంట నష్టం డబ్బు వచ్చినప్పుడు చనిపోయినవాళ్ల పేర్లున్న పట్టాలు పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లని ఈ మూడు నెలల్లో ఎంతమందిని చూశామో. నీ పేరు ఎక్కించాలంటే వారసులందరూ ఒప్పుకోవాలి. చట్టం ప్రకారం ఆ పొలంలో నాకూ వాటా ఉంది. నాకు ఆ ఇసుక అక్కర్లేదు, సంతకం పెట్టి నీకే ఇచ్చేస్తాను.

కానీ ఇప్పుడు పెట్టను. దసరా సెలవులకి అమ్మాయినీ పాపనీ తీసుకుని రా. అక్టోబరు నెలంతా ఊళ్లోనే ఉండు. సెలవు దొరకదంటావు, జీతం లేని సెలవు పెట్టు. వానలో ఆ ఇంట్లో నిద్రపో. ఏరు ఎంత దాకా వచ్చిందో రాత్రిపూట లాంతరు పట్టుకుని వెళ్లి చూడు. పాప భయపడుతుందో లేదో చూడు. దీపావళికి నా దగ్గరికి వచ్చి వస్తున్నానంటే సంతకం అప్పుడే పెడతాను, వద్దనుకుంటే ఒక్క మాట కూడా అడగను. అప్పటిదాకా వస్తున్నానని ఊళ్లో ఎవరికీ చెప్పకు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఎవరితోనైనా అనేసి ఉంటే, ఇంకా ఆలోచిస్తున్నానని వాళ్లకి మళ్లీ చెప్పు.

గుణుపూర్ ప్యాసింజర్‌కి వస్తే ముందు పర్లాకిమిడిలో దిగు. అన్నం తిని వెళ్దురుగాని. ఉత్తరం అందగానే ఫోను చెయ్యి, మధ్యాహ్నం మాత్రం వద్దు, పడుకుంటాను. మీ నాన్న కంటె అమ్మిన సంగతి మీ అమ్మకి తెలుసు, బరంపురం కబురు సంగతి తెలియదు. నువ్వు చెప్పకు.

ఇట్లు,
మీ అత్త