విశాఖ జనాభా ఇంత వేగంగా ఎలా పెరిగింది? ఆంధ్రప్రదేశ్‌లో మిగతా జిల్లాల సంగతేమిటి?

ఈ ప్రశ్న చూడగానే నాకు తెగిపోయిన నా చెప్పు గుర్తుకొచ్చింది. 2011 ఫిబ్రవరిలో కంచరపాలెం కొండవాలు మెట్ల మీద తెగింది. అప్పట్లో నేను ప్రభుత్వ పాఠశాలలో లెక్కల మాస్టారిని. పగలు పిల్లలకు లెక్కలు చెప్పి, సాయంత్రం జనాభా లెక్కలకు తిరిగేవాణ్ణి. ఆ ఇరవై రోజుల తిరుగుడుతో ఈ నగరం గురించి నాకు ఏర్పడిన అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. కాబట్టి నిష్పక్షపాతమైన జవాబు కావలసినవాళ్ళు మరొకరి దగ్గర వెతుక్కోవచ్చు.

ముందు అంకెల గారడీ సంగతి తేల్చేద్దాం. 2001లో విశాఖ నగరపాలక సంస్థ పరిధిలో దాదాపు 9.8 లక్షల మంది ఉంటే, 2011కి ఆ సంఖ్య 17.28 లక్షలయింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి నోరెళ్ళబెట్టే వ్యాసాలు చాలా చూశాను. మధ్యలో 2005 ఉందని మరచిపోతారు. ఆ ఏడాది గాజువాక మున్సిపాలిటీని, 32 పల్లెలను కలిపి మహా విశాఖ చేశారు. గాజువాకలో పడుకున్నవాడు గాజువాకలోనే నిద్ర లేచాడు, లెక్కలో మాత్రం విశాఖవాసి అయిపోయాడు. చుట్టుపక్కల పట్టణాలను కలుపుకొని చూస్తే 2001 నాటికే 13 లక్షలు దాటింది. అంటే అసలు పెరుగుదల మూడున్నర, నాలుగు లక్షల మధ్య ఉంటుంది. అదీ తక్కువేమీ కాదు. అయితే ఆ లక్షలు ఇక్కడి ఆసుపత్రుల్లో పుట్టినవి మాత్రమే కావు. చాలామంది బస్సు దిగినవాళ్ళు.

ఎక్కడ బస్సెక్కారో పక్క జిల్లాల లెక్కలే చెబుతాయి. 2001 నుంచి 2011 వరకు ఉమ్మడి రాష్ట్రం సుమారు 11 శాతం పెరిగింది. విశాఖ జిల్లా దాదాపు 12 శాతం పెరిగింది. పక్కనే ఉన్న విజయనగరం 4.2 శాతం, శ్రీకాకుళం ఆరున్నర శాతం. పచ్చగా, కలిగినవాళ్ళ జిల్లాగా పేరున్న పశ్చిమ గోదావరి మూడున్నర శాతం దగ్గరే ఆగింది. కర్నూలు మాత్రం 15 శాతానికి దగ్గరగా వెళ్ళింది. ఒకే రాష్ట్రంలో ఇంత తేడా ఉన్నప్పుడు ‘ఆంధ్ర జనాభా’ అని ఒకే ముద్దగా మాట్లాడటం నాకు నచ్చదు.

ఇక చెప్పు తెగిన రోజు గురించి.

నాకిచ్చిన బ్లాకులో కొండవాలు మీద వరస ఇళ్ళుండేవి. ఒక్కో గది ఒక్కో సంసారం. మగవాళ్ళలో పోర్టులో కళాసీ పని చేసేవాళ్ళు కొందరు, ఆటో నడిపేవాళ్ళు కొందరు. రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్ళి తిరిగొచ్చిన తాతల కథలు చెప్పేవాళ్ళూ తగిలేవారు. అలా తిరిగొచ్చినవాళ్ళు స్థిరపడిన బర్మా క్యాంపు అక్కడికి ఎంతో దూరం లేదు. ఒక గుమ్మంలో ఒక ముసలావిడ కత్తిపీట ముందు కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. పక్కన ఒక చిన్నపిల్ల ఆ పిక్కలతో ఆడుకుంటోంది. నేను పేరు అడిగానో లేదో, ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

“నన్ను రాయకండి మాస్టారూ. నేను ఇక్కడి మనిషిని కాను. పాలకొండ దగ్గర మా ఊరు. చుట్టపుచూపుగా వచ్చాను.”

“ఎప్పుడొచ్చారు మామ్మగారూ?”

“ఈ పిల్ల పుట్టినప్పుడు.”

పిల్ల వయసెంతని అడిగాను. నాలుగేళ్ళు.

ఆవిడ భయమల్లా పింఛను గురించి. అప్పట్లో వృద్ధాప్య పింఛను నెలకు 200 రూపాయలు. ప్రతినెలా పాలకొండ బస్సెక్కి వెళ్ళి తెచ్చుకునేది. రానూపోనూ ఛార్జీలకే అందులో చాలావరకు కరిగిపోయేది. అయినా వెళ్ళేది. ఆ రోజున ఊళ్ళో నలుగురినీ చూడవచ్చునట, ఇంటి తాళం తీసి ఊడ్చి రావచ్చునట. ఇక్కడ పేరు రాస్తే అక్కడ పింఛను కొట్టేస్తారని ఆవిడ నమ్మకం. జనగణనలో రాసుకున్న వివరాలు బయటికి ఇవ్వకూడదని 1948 నాటి చట్టమే చెబుతోందని వివరించాను. చట్టం పేరు వినగానే ఆవిడ మరింత భయపడింది.

ఇంతలో కోడలు పని నుంచి వచ్చింది. నాలుగిళ్ళలో పాచిపని చేస్తుంది. “రాయండి మాస్టారూ, ఈవిడ లేకపోతే నేను గడప దాటగలనా?” అంది. మాకిచ్చిన నిబంధన కూడా అదే: ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఆ మనిషి పూర్తిగా ఇక్కడే ఉంటే ఇక్కడే రాయాలి. రాశాను. వలస కారణం అనే గడి దగ్గర కలం ఆగింది. అక్కడ ఏడు కారణాలున్నాయి. పని, వ్యాపారం, చదువు, పెళ్ళి, పుట్టాక తరలిరావడం, కుటుంబంతో పాటు తరలిరావడం, చివరిది ఇతర కారణం. మనవరాలిని పెంచడానికి వచ్చి నాలుగేళ్ళు ఉండిపోయిన మనిషికి గడి లేదు. ఆవిడ ఉండటం వల్లే కోడలు నాలుగిళ్ళలో సంపాదిస్తోంది, అంటే అదీ పనే. కానీ అలా రాస్తే పైవాళ్ళు ఊరుకోరు. ఏడు వేశాను. ఈ నగరాన్ని మోస్తున్నవాళ్ళలో సగం మంది ఆ ఏడో గడిలోనే ఉంటారని నా గట్టి నమ్మకం. రుజువు అడగకండి.

లేవబోతుంటే ఆవిడ అడిగింది. “అయితే ఊళ్ళో నన్ను ఎవరు రాస్తారు?”

“అక్కడ రాయరు మామ్మగారూ, రెండుసార్లు లెక్క అవుతుంది.”

“అంటే ఊళ్ళో నేను లేనట్టేనా?”

మంచినీళ్ళు అడిగి తాగి, మెట్లు దిగుతుంటే చెప్పు తెగింది. ఆ జనగణనకు ఇచ్చిన గౌరవ వేతనం కొత్త చెప్పులకూ ఆటోలకూ సరిపోయింది. అదీ ఎప్పటికో చేతికందింది. పరీక్షల కాలంలో ఈ తిరుగుడేమిటని మా ప్రధానోపాధ్యాయుడి సణుగుడు మాత్రం ఎప్పటికప్పుడు అందేది.

మాది బొబ్బిలి దగ్గర పల్లె. కాబట్టి విజయనగరం జిల్లా 4.2 శాతం నాకు ఉత్త అంకెలా కనిపించదు. మా వీధిలో తాళాలు వేసిన ఇళ్ళు లెక్కపెట్టడానికి నా రెండు చేతుల వేళ్ళూ చాలవు. ఆ జిల్లాలో 2011లో వెయ్యిమంది పురుషులకు 1019 మంది స్త్రీలు. శ్రీకాకుళంలో 1015. అప్పట్లో ఇది చూసి, ఉత్తరాంధ్రలో ఆడపిల్లకు ఎంత గౌరవమోనని మురిసిపోయినవాళ్ళున్నారు. గౌరవం ఉందో లేదో గానీ, మగవాళ్ళు మాత్రం ఊళ్ళో లేరు. తాపీమేస్త్రులు హైదరాబాద్‌లో ఉన్నారు, మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్ళారు. మిగిలినవాళ్ళు విశాఖలో ఉన్నారు, సంక్రాంతి ముందురోజు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో మీ కాళ్ళు తొక్కేది వాళ్ళే. పండగ మూడు రోజులూ విశాఖలో రోడ్డు మధ్యన నడవవచ్చు. నాకైతే ఏడాది మొత్తంలో ఈ ఊరు నచ్చేది అప్పుడే.

ఇక ఎక్కువ మంది పిల్లల్ని కనమంటున్న ప్రచారం. రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. జనాభా తగ్గకుండా నిలబడాలంటే 2.1 ఉండాలి. బీహార్‌లో 3. ఈ ఆందోళనతోనే 2024లో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పెద్ద కుటుంబాల గురించి మాట్లాడారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న పాత నిబంధనను కూడా అదే ఏడాది తీసేశారు. నా సర్వీసు సగం ‘ఇద్దరు చాలు’ అని గోడల మీద రాయించడంలో గడిచింది. రేపు అవే గోడలకు సున్నం కొట్టి మరొకటి రాయించేలా ఉన్నారు. కానీ మా ఊరి బడిలో పిల్లలు తగ్గింది కనకపోవడం వల్ల మాత్రమే కాదు. కన్నవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని విశాఖ రావడం వల్ల కూడా. ముగ్గుర్ని కన్నా ముగ్గురూ మధురవాడలో రెండు గదుల అద్దె ఇంట్లోనే పెరుగుతారు. ఆ అద్దెలు కట్టేవాడెవడూ మూడో బిడ్డ గురించి ఆలోచించడు. మా పక్కవాటా ఇంటాయన మనిషికి ఇంత అని నీళ్ళ డబ్బులు వసూలు చేస్తాడు, నెలల పిల్లకు కూడా.

మా ఎదురుగా ఇప్పుడొక అపార్ట్‌మెంట్ లేస్తోంది. సెంట్రింగ్ పనివాళ్ళు ఒడిశా నుంచి, టైల్స్ వేసేవాళ్ళు బీహార్ నుంచి వచ్చారు. ఒకప్పుడు ఆ పనంతా మా వైపు మేస్త్రులదే. బొబ్బిలి ఖాళీ అయి విశాఖ నిండితే, విశాఖలో ఖాళీ అయిన పనిని ఒడిశాలోని బలంగీర్ నింపుతోంది. వాళ్ళ ఊళ్ళో కూడా ఎవరో ముసలావిడ తాళం తీసి ఊడ్చి వస్తూ ఉంటుంది.

వచ్చే జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. 2021లో జరగాల్సింది అప్పటికి గానీ జరగదు. కాబట్టి ఇప్పటి విశాఖ జనాభా ఇంత అని ఎవరైనా ఖచ్చితంగా చెబితే, ఎవరు లెక్కపెట్టారని అడగండి. మా అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. మనవడిని చూసుకోవడానికి వచ్చి ఉండమని ఏడాదిగా అడుగుతున్నాడు. మా ఆవిడ ఇప్పటికే ఆవకాయ జాడీలు సర్దింది. అక్కడికి మాస్టారెవరైనా వచ్చి వలస కారణం అడిగితే ఏం చెప్పాలని నిన్న నన్నడిగింది. ఏడు అని చెప్పమన్నాను.