చైనాలో ఛార్జింగ్, నెట్ అడగాలంటే: మాండరిన్ మాటలు తెలుగు లిపిలో రాసుకోండి

"రెండు వారాల పనిమీద చైనా వెళ్తున్నాను, మాండరిన్ ఒక్క ముక్క రాదు. ఫోన్ ఛార్జింగ్‌కీ నెట్‌కీ పనికొచ్చే మాటలు నాలుగు చెప్పండి" అని అడిగారు. చెబుతాను. కానీ ముందు, ఇంగ్లిష్ అక్షరాల్లో దొరికే జాబితాలు పట్టుకుని బట్టీ పట్టకండి.

ఆ స్పెల్లింగును పిన్‌యిన్ అంటారు. అందులో 'డి' కనబడితే మనం ద అంటాం, 'బి' కనబడితే బ అంటాం. మాండరిన్‌లో ఆ తేడా కాదు ఉన్నది. అక్కడి 'డి' మన త, 'టి' మన థ. 'బి' మన ప, 'జి' మన క. అంటే వాళ్లు వేరుచేసేది అల్పప్రాణం, మహాప్రాణం. మన అక్షరమాలలో ఇది మొదటినుంచీ ఉంది. 'ఎక్స్' అని రాసేది మన శ, 'ఎస్‌హెచ్' అని రాసేది మన ష. 'జె' అంటే చీమలోని చ, 'జెడ్' అంటే చుక్కలోని చ. ఇంగ్లిష్ లిపి కంటే తెలుగు లిపే మాండరిన్‌కి బాగా అతుకుతుంది, ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. ఒక్కటే జాగ్రత్త: మాటల్లో మనం ఒత్తులు మింగేస్తాం. ఖ, థ, ఛ పలికేటప్పుడు నోటిముందు అరచెయ్యి పెట్టుకోండి, గాలి తగలాలి.

అన్నిటికీ మూలం "ఛుంగ్ త్యెన్", ఛార్జింగ్. ఛుంగ్ పైస్థాయిలో సమంగా సాగాలి, త్యెన్ ఎవరినో కసిరినట్టు పైనుంచి కిందికి దిగాలి. "షౌ చీ మెయ్ త్యెన్ ల" అంటే ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది. మెయ్ మాత్రం "ఏంటీ?" అన్నట్టు పైకి లేస్తుంది. మాట చివర "మా" చేరిస్తే ప్రశ్న అవుతుంది, దాన్ని తేలిగ్గా వదిలెయ్యండి.

ఇక అసలు సన్నివేశం. ఈవూలోనో గువాంగ్జౌలోనో రాత్రి ఎనిమిదికి నూడుల్స్ కొట్టులో ఉన్నారనుకోండి, ఫోన్ 15 శాతానికి వచ్చింది. అక్కడ బిల్లు కట్టేది ఫోన్‌తోనే, టాక్సీ పిలిచేది ఫోన్‌తోనే, హోటల్ అడ్రసు ఉన్నదీ ఫోన్‌లోనే. యజమాని వైపు తిరిగి "లావ్‌పాన్, యౌ ఛుంగ్ త్యెన్ పావ్ మా?" అనండి. లావ్‌పాన్ అంటే కొట్టు యజమాని. "యౌ... మా" అంటే ఉందా అని. ఛుంగ్ త్యెన్ పావ్ అంటే పవర్‌బ్యాంక్. ఆయన నోరు తెరవకుండా గడ్డంతో కౌంటర్ పక్కకి చూపిస్తాడు. అక్కడ అరలున్న చిన్న పెట్టె ఉంటుంది, దాంట్లో అద్దె పవర్‌బ్యాంకులు వరసగా గుచ్చి ఉంటాయి. సమాధానం వేలితోనో గడ్డంతోనో వచ్చే ప్రశ్నలే నేర్చుకోమనేది ఇందుకే. జవాబు వాక్యంగా వస్తే ప్రశ్న వచ్చినా ఉపయోగం లేదు.

పెట్టెమీది క్యూఆర్ కోడ్‌ని అక్కడి చెల్లింపు యాప్‌లైన అలీపేతోనో వీచాట్‌తోనో స్కాన్ చేస్తే ఒక అరలోంచి బ్యాంక్ బయటికి వస్తుంది. అద్దె సాధారణంగా గంటకి 3, 4 యువాన్లు. రోజుకి ఇంత మించదనే హద్దు ఉంటుంది, అది కోడ్ దగ్గరే రాసి ఉంటుంది. విదేశీ ఖాతాకి తరచు 99 యువాన్ల డిపాజిట్ అడుగుతుంది. తిరిగి ఇవ్వకుండా అద్దె 99కి చేరితే ఆ బ్యాంక్ మీరు కొన్నట్టే. దానికి మూడు తీగలుంటాయి. "ఫింగ్ క్వో" అంటే ఆపిల్ ఫోన్లది, "ఆన్ చ్వో" అంటే ఆండ్రాయిడ్. పేరు చూసి మోసపోకండి, ఆన్ చ్వో అని రాసి ఉన్నది పాత మైక్రో యూఎస్‌బీ. ఇప్పటి ఆండ్రాయిడ్‌కి టైప్-సీ అని ఉన్నదే పెట్టాలి.

తిరిగి ఇచ్చేటప్పుడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు. అదే కంపెనీ పెట్టె ఏ కొట్టులో ఉన్నా ఇవ్వొచ్చు, వేరే కంపెనీ పెట్టె తీసుకోదు. "త్సాయ్ నా లీ హ్వాన్?" అంటే ఎక్కడ తిరిగివ్వాలి అని. "మాన్ ల" అన్నారంటే అరలు నిండిపోయాయి, పక్క కొట్టుకి వెళ్లాలి. "హ్వాయ్ ల" అంటే పాడైంది. బ్యాంక్ లోపలికి తోశాక ఫోన్‌లో అద్దె ముగిసిందని కనబడేదాకా అక్కణ్నించి కదలొద్దు, సరిగ్గా కూర్చోకపోతే మీటరు తిరుగుతూనే ఉంటుంది.

ఫోన్ పూర్తిగా ఆరిపోతే స్కాన్ చెయ్యడమే కుదరదు. అందుకే 20 శాతం దగ్గరే అడగాలి. అప్పటికే ఆరిపోయిందా, చేతిలో తీగ చూపించి "ఖ యీ ఛుంగ్ త్యెన్ మా?" అనండి, ఛార్జింగ్ పెట్టుకోవచ్చా అని. తీగ లేకపోతే "యౌ ఛుంగ్ త్యెన్ శ్యెన్ మా?"

వైఫైని వాళ్లూ వైఫై అనే అంటారు. "మీ మా త్వో షావ్?" అంటే పాస్‌వర్డ్ ఎంత అని. చిక్కు జవాబులోనే ఉంది, జాబితాల్లో ఇది రాయరు. "పా క పా" అంటే ఎనిమిది ఎనిమిదులు. "ఈ తావ్ పా" అంటే ఒకటినుంచి ఎనిమిదిదాకా. చిన్న కొట్లలో ఈ రెండూ తరచు వినబడతాయి. అంకెలు ఒక్కొక్కటిగా చదివేటప్పుడు ఒకటిని ఈ అనకుండా "యావ్" అనడం మామూలు. "తా శ్యె" పెద్దక్షరం, "శ్యావ్ శ్యె" చిన్నక్షరం. అర్థంకాకపోతే ఫోన్ చేతికిచ్చి "ఛింగ్ శ్యె ఈ శ్యా" అనండి, కాస్త రాసివ్వండి అని.

మాల్స్‌లో ఉచిత వైఫై "యెన్ చంగ్ మా", అంటే మన ఓటీపీ అడుగుతుంది. చాలాచోట్ల అది చైనా నంబరుకే వస్తుంది. పెద్ద విమానాశ్రయాల్లో పాస్‌పోర్ట్ స్కాన్ చేస్తే కోడ్ ఇచ్చే యంత్రాలుంటాయి. వైఫై దొరికినా వాట్సాప్, గూగుల్, యూట్యూబ్ తెరుచుకోవు. ఇండియా సిమ్ రోమింగ్‌లో అవి పనిచేస్తాయి, ఎందుకంటే డేటా మన కంపెనీ నెట్‌వర్క్ మీదుగా వెళ్తుంది. అక్కడి సిమ్, అంటే "షౌ చీ ఖా", కొంటే "హూ చావ్" అడుగుతారు, పాస్‌పోర్ట్ చూపించాలి. మన సిమ్ మాత్రం తీసెయ్యకండి, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. అలీపేలో కార్డు ఇంట్లో ఉండగానే జతచేసుకోండి.

కరెంటు దాదాపు మనలాగే, 220 వోల్టులు, 50 హెర్ట్జ్. "ఛా త్స్వో" అంటే సాకెట్. రెండు గుండ్రటి పిన్నుల ఫోన్ ఛార్జర్ చాలా గోడల్లో దూరుతుంది. ల్యాప్‌టాప్ మూడు పిన్నులది దూరదు. ఆస్ట్రేలియాలో లాగా ఏటవాలు బద్దలున్న అడాప్టర్ కావాలి, దాన్ని ఇక్కడే కొనుక్కెళ్లండి. హైస్పీడ్ రైళ్లలో సాకెట్ సీటు కింద వెతకండి. హోటల్లో గది తాళం కార్డు గోడలోంచి తీస్తే కొన్ని సాకెట్లు ఆగిపోతాయి, బయటికెళ్లే ముందు ఏది ఆగదో చూసుకోండి.

ఇండియానుంచి తీసుకెళ్లిన పవర్‌బ్యాంక్ సంగతి. 2025 జూన్ 28 నుంచి చైనా దేశీయ విమానాల్లో 3సీ గుర్తు, అంటే చైనా తప్పనిసరి ధృవీకరణ గుర్తు, లేని పవర్‌బ్యాంకును ఎక్కనివ్వరు. గుర్తు అరిగిపోయినా అంతే. తనిఖీ దగ్గర "సాన్ సీ" అన్న మాట వినబడితే అడిగేది దాని గురించే. మనదాని మీద బీఐఎస్ గుర్తు ఉన్నా అక్కడ చెల్లదు. చైనా లోపల విమానం ఎక్కే పని ఉంటే అక్కడే ఒకటి కొనండి, డబ్బు ఇచ్చే ముందు వెనక్కి తిప్పి ఆ గుర్తు స్పష్టంగా ఉందో లేదో చూడండి.