సగం మాట ఇచ్చిన కూటమి: ఖార్కివ్‌లోనూ టిబిలిసిలోనూ నేను చూసింది

అడిగిన ప్రశ్న ఇది: "నాటో వంటి సైనిక కూటమి విస్తరిస్తే పొరుగు దేశాల సంబంధాలు ఎందుకు దెబ్బతింటాయి? ఏ కూటమిలో చేరాలన్నది ఆ దేశం ఇష్టమే కదా?"

2008 ఏప్రిల్‌లో రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో నాటో దేశాధినేతలు సమావేశమై ఒకే వాక్యంలో రెండు దేశాలకు మాట ఇచ్చారు. ఉక్రెయిన్, జార్జియా మా కూటమిలో సభ్యులవుతాయి అన్నారు. ఆ రెండు దేశాల్లోనూ నేను అద్దె ఇళ్లలో ఉండి చదువుకున్నాను. మాది హన్మకొండ. 2018లో ఎంబీబీఎస్ కోసం ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ వెళ్లాను. నాలుగో సంవత్సరంలో ఉండగా యుద్ధం మొదలైంది. మిగతా చదువు జార్జియా రాజధాని టిబిలిసిలో పూర్తిచేసుకుని వచ్చాను. ఆ ఒక్క వాక్యం మనుషుల ఇళ్లలోకి ఎలా దిగిందో కొంత చూశాను కాబట్టి ఈ జవాబు రాస్తున్నాను.

ఖార్కివ్ నుంచి రష్యా సరిహద్దు నలభై కిలోమీటర్ల లోపే. అవతల బెల్గోరోడ్ అనే నగరం. ఈ నగరం నుంచి ఆ నగరానికి హన్మకొండ నుంచి కరీంనగర్ వెళ్లినంత దూరం. మా ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన పెద్దావిడ. మేమంతా బాబుష్క అని పిలిచేవాళ్లం, అంటే అవ్వ. ఆమె చెల్లెలు బెల్గోరోడ్‌లో ఉండేది. ఇద్దరూ పుట్టింది సోవియట్ దేశంలో, మాట్లాడేది రష్యన్. చెల్లెలు పెళ్లి చేసుకుని వెళ్లిన రోజుల్లో అది పక్క జిల్లాకు కోడలిగా వెళ్లడం వంటిదే. 1991లో సోవియట్ విడిపోయి మధ్యన గీత పడినా రాకపోకలు ఆగలేదు. 2014లో రష్యా క్రిమియాను కలుపుకొని, తూర్పు ఉక్రెయిన్‌లోని దొనెట్స్క్ వైపు కాల్పులు మొదలయ్యాక సరిహద్దులో ప్రశ్నలు పెరిగాయి, ప్రయాణాలు తగ్గాయి. నేను వెళ్లేసరికి ఆదివారం ఫోను ఒక్కటే మిగిలింది. వంటింటి బల్ల మీద ఫోను పెట్టి, స్పీకరు పెట్టి, ఊరబెట్టిన టమాటాల సీసాలు తుడుచుకుంటూ గంటసేపు మాట్లాడేది. ఆమె ఫోను పాతది. ఎప్పుడు చెడిపోతుందోనని చెల్లెలి నంబరు నా ఫోనులో కూడా దాచిపెట్టించింది.

2022 ఫిబ్రవరి 24న తెల్లవారకముందే కిటికీ అద్దాలు అదిరి లేచాం. బాబుష్క చేసిన మొదటి పని చెల్లెలికి ఫోను చేయడం. "మా మీద బాంబులు పడుతున్నాయి" అంది. అవతలి నుంచి వచ్చిన జవాబు నాకు తెలిసిన రష్యన్‌లో అర్థమైంది: "సైనిక స్థావరాల మీదే వేస్తున్నారట. నీకేమీ కాదు. మిమ్మల్ని కాపాడటానికే వస్తున్నారు." బాబుష్క ఫోను పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచింది. రెక్క తెరిచి చెయ్యి బయటికి చాచింది. ఏమీ మాట్లాడకుండా ఆ చప్పుళ్లు చెల్లెలిని విననిచ్చింది. కాసేపటికి "అది మీవాళ్లే కాలుస్తున్నారేమో" అన్న మాట వినిపించింది. ఆమె ఫోను కట్టేసి, కిటికీ మూసి, మా ముగ్గురికీ టీ పెట్టింది. నేను అక్కడ ఉన్నన్ని రోజులూ ఆ నంబరుకు మళ్లీ చేయలేదు.

తరువాత మెట్రో స్టేషనులో నేల మీద పడక, మార్చి 2న ఊరి బయటి పిసోచిన్ దాకా పదకొండు కిలోమీటర్లు చలిలో నడక, బస్సులు, మనవాళ్లను తీసుకురావడానికి భారత ప్రభుత్వం నడిపిన ఆపరేషన్ గంగ విమానం, శంషాబాద్‌లో నన్ను చూసి మాట రాక నిలబడిపోయిన మా బాపు. ఆ కథ నాలాంటి వాళ్లు ఎంతోమంది చెప్పారు. ప్రశ్నకు వస్తాను.

నాటో 1949లో 12 దేశాలతో మొదలైంది. ఒకరి మీద దాడి జరిగితే అందరి మీదా జరిగినట్టే అనే ఐదో అధికరణమే దాని ప్రాణం. చేరినవారికి అది కోటగోడ. బయట ఉన్నవాడికి మాత్రం ఆ గోడ విడతవిడతకూ తన వాకిలి వైపు జరుగుతున్నట్టు కనిపిస్తుంది. 1955 మేలో పశ్చిమ జర్మనీ నాటోలో చేరిన పది రోజులు తిరక్కుండానే సోవియట్ యూనియన్ వార్సా కూటమిని నిలబెట్టింది. 1991లో వార్సా కూటమి రద్దయింది, నాటో ఉండిపోయింది. 1999లో పోలండ్, హంగరీ, చెక్ దేశాలు, 2004లో బాల్టిక్ దేశాలు మూడింటితో కలిపి మరో ఏడు అందులో చేరాయి. 1990 ఫిబ్రవరిలో అమెరికా విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ సోవియట్ అధినేత గోర్బచేవ్‌తో నాటో ఒక్క అంగుళం కూడా తూర్పుకు జరగదని అన్న మాటను రష్యా ఇప్పటికీ ఎత్తి చూపుతుంది. ఆ మాట ఏ ఒప్పందంలోకీ ఎక్కలేదు, కానీ అన్నది నిజం. సోవియట్‌ను కట్టడి చేయాలన్న విధానానికి ఆద్యుడైన అమెరికా దౌత్యవేత్త జార్జ్ కెన్నన్ కూడా 1997లో ఈ విస్తరణ పెద్ద పొరపాటు అవుతుందని హెచ్చరించాడు. కాబట్టి రష్యా కోపం అంతా కల్పితమని నేను అనను.

పక్కింటివాడు దూరపు బలవంతుడితో చెయ్యి కలిపితే ఎలా ఉంటుందో మనకూ తెలుసు. 1954లో పాకిస్తాన్ అమెరికాతో సైనిక సాయం ఒప్పందం చేసుకుని అదే ఏడు సీటోలో, మరుసటి ఏడు బాగ్దాద్ ఒప్పందంలో చేరింది. రెండూ పాశ్చాత్య దేశాల వెన్నుదన్నుతో నిలిచిన సైనిక కూటములే. అప్పటివరకు కశ్మీర్ మీద మనమూ పాకిస్తానూ మాట్లాడుకుంటున్నాం. అమెరికా ఆయుధాలు రావడంతో చర్చ సందర్భమే మారిపోయిందని నెహ్రూ తేల్చి చెప్పారు. ఆ తుపాకులు కమ్యూనిస్టులను ఎదుర్కోవడానికేనని అమెరికా ఎంత చెప్పినా మనం నమ్మలేదు. నమ్మకపోవడమే సరైందని 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ పొలాల్లోకి పాకిస్తాన్ తెచ్చిన అమెరికా ప్యాటన్ ట్యాంకులు చూపించాయి. 1971 ఆగస్టు 9న మనం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నాం. అదీ పొరుగువాడి కూటమికి జవాబే. అయితే ఆ కూటములు పాకిస్తాన్‌కు ఏమి ఇచ్చాయి? 1965లో అమెరికా ఇద్దరికీ ఆయుధాలు ఆపేసింది. 1971లో సీటో కదలలేదు. కూటమి వల్ల పాకిస్తాన్‌కు పొరుగువాడి కోపం మొత్తంగా దక్కింది, రక్షణ మాత్రం దక్కలేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. సంబంధాలను ఎక్కువగా చెడగొట్టేది విస్తరణ కాదు, సగం మాట.

బుకారెస్ట్‌లో జరిగింది చూడండి. ఈ రెండు దేశాలకు సభ్యత్వానికి తొలిమెట్టు అయిన కార్యాచరణ ప్రణాళికను వెంటనే ఇవ్వాలని అమెరికా పట్టుబట్టింది. జర్మనీ, ఫ్రాన్స్ వద్దన్నాయి. చివరికి ప్రణాళిక ఇవ్వకుండా, తేదీ చెప్పకుండా, ఎప్పటికైనా సభ్యులవుతారనే వాక్యం ఒక్కటి రాసి లేచారు. రష్యాకు అది బెదిరింపుగా వినిపించింది. ఉక్రెయిన్‌కూ జార్జియాకూ ఐదో అధికరణం నీడ మాత్రం పడలేదు.

పరకాల దగ్గర మా తాతకు ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన తన గెట్టు తగాదా గుర్తుచేసుకున్నాడు. పక్క రైతుతో గెట్టు దగ్గర పేచీ ఉన్న రోజుల్లో ఊళ్లో బలమైన కుటుంబం ఒకటి "నీ వెనుక మేమున్నాం" అని నలుగురిలో చెప్పింది. పంచాయితీ పెట్టిస్తామన్నారు, ఎప్పుడో చెప్పలేదు. "ఆ మాట విన్నాడు బిడ్డా వాడు. వాళ్లు వచ్చేలోపే తెల్లారగట్ల అరక కట్టి గెట్టు దున్నేశాడు" అన్నాడు తాత. ఆ గుంట భూమి పోయిన బాధ ఆయన గొంతులో ఇంకా ఉంది.

బుకారెస్ట్ సమావేశం జరిగిన నాలుగు నెలలకు, 2008 ఆగస్టులో, జార్జియాలో రష్యాతో ఐదు రోజుల యుద్ధం జరిగింది. అప్పటికే చాలావరకు జార్జియా పట్టులో లేని అబ్ఖాజియా, దక్షిణ ఒసేటియా ప్రాంతాలు పూర్తిగా ఆ దేశం చేయి దాటాయి. భూభాగంలో ఐదో వంతు అది. టిబిలిసి నుంచి గోరి వెళ్లే దారిలో ట్సెరొవాని దగ్గర ఒకే కొలత, ఒకే కప్పు ఉన్న చిన్న ఇళ్లు వరుసలు వరుసలుగా కనిపిస్తాయి. ఆ యుద్ధంలో ఇళ్లు పోయినవారి కోసం కట్టినవి. గోరి దాటాక మా తోటి విద్యార్థి తన మేనమామ ఊరు చూపించాడు. ఆపిల్ తోట మధ్య నుంచి ముళ్లకంచె వెళ్లింది. కంచె దగ్గర ఇది సరిహద్దు, దాటవద్దు అని పచ్చ బోర్డు. కంచెకు అవతల ఉన్న చెట్లు కూడా ఆ మేనమామ నాటినవే. ఆ ఏడు వాటి కాయలు ఎవరూ కోయక కింద రాలి ఉన్నాయి.

మా వీధిలో కూరగాయలు అమ్మే ఆవిడ కూడా ఆ కంచె అవతలి నుంచి వచ్చినదే. 2022 సెప్టెంబరులో రష్యాలో సైన్యంలోకి పిలుపులు మొదలయ్యాక ఎంతోమంది రష్యన్ యువకులు టిబిలిసికి పారిపోయి వచ్చారు. ఒకరోజు అలాంటి కుర్రాడు వంకాయలు ఎంత అని రష్యన్‌లో అడిగాడు. ఆవిడ అర్థం కానట్టు తల ఊపింది. అతను వేళ్లతో లెక్క చూపి, డబ్బులిచ్చి వెళ్లాడు. తరువాత ఆవిడ నావైపు తిరిగి, చక్కటి రష్యన్‌లో, నీకేం కావాలి నాన్నా అని అడిగింది. యుద్ధం వద్దని ఇల్లు వదిలిన కుర్రాడు, యుద్ధం వల్ల ఇల్లు వదిలిన ఆవిడ. ఆ ఇద్దరి మధ్య భాష ఉండి కూడా మాట లేదు.

ఇక ఎవరి ఇష్టం వారిది కాదా అన్న మాట. కచ్చితంగా వారిదే. "విస్తరణ" అనే పదం నాటో తనంత తాను ఊళ్ల మీద పడినట్టు వినిపిస్తుంది గానీ, 1940లో సోవియట్ సైన్యం కింద పడిన బాల్టిక్ దేశాలు, 1956లో అదే సైన్యం తమ వీధుల్లోకి రావడం చూసిన హంగరీ, 1968లో చూసిన చెక్‌లు భయంతో వెళ్లి తలుపు తట్టారు. ఫిన్లాండ్ దశాబ్దాలు ఏ కూటమిలోనూ చేరకుండా రష్యాతో సర్దుకుపోయింది. ఉక్రెయిన్ మీద దాడి చూశాక మనసు మార్చుకుని 2023 ఏప్రిల్‌లో నాటోలో చేరింది. దానివల్ల సంబంధాలు చెడలేదా అంటే చెడ్డాయి. 1,340 కిలోమీటర్ల సరిహద్దు మీది రహదారి దాటులన్నీ ఆ ఏడాది చివరకు మూసేశారు. కానీ అక్కడ గోడ పూర్తిగా లేచింది కాబట్టి తుపాకి పేలలేదు.

రష్యా దాడికి నాటోయే కారణమని మన దగ్గర కొందరు తేలిగ్గా అనేస్తారు. దానికి నేను ఒప్పుకోను. 1994లో ఉక్రెయిన్ అణ్వాయుధాలు వదులుకున్నప్పుడు దాని సరిహద్దులను గౌరవిస్తానని బుడాపెస్ట్‌లో రష్యా సంతకం చేసింది. 2010లో ఉక్రెయిన్ ఏ సైనిక కూటమిలోనూ చేరబోనని చట్టం చేసుకుంది. ఆ చట్టం అమలులో ఉండగానే క్రిమియా పోయింది. భయం నిజమైనదే కావచ్చు, గెట్టు దున్నినవాడి పాపం మాత్రం అతనిదే. తేదీ లేని మాట ఇచ్చి పక్కకు తప్పుకున్నవారి వంతు వేరే ఉంది. దాన్ని కూడా లెక్కలో రాయాలి.

బాబుష్క ఇప్పటికీ ఖార్కివ్‌లోనే ఉంది. పోయిన కొత్త సంవత్సరానికి ఆమె నుంచి వీడియో కాల్ వచ్చింది. కిటికీకి అద్దం బదులు చెక్క పలక కొట్టి ఉంది. ఫోను మారిందని, పాత నంబర్లు పోయాయని చెప్పింది. కాసేపు మా అమ్మ ఆరోగ్యం, నా పరీక్షలు అడిగింది. పెట్టేసే ముందు, బెల్గోరోడ్ నంబరు నీ దగ్గర ఇంకా ఉందా అని అడిగింది. ఉంది. పంపాను. ఎందుకని అడగలేదు.