నెలకు 40 వేల అద్దె ఇస్తామంటున్నారు, షాపు కొనాలా?

ప్రశ్న: నాకు 63 ఏళ్లు, మా ఆవిడకు 61. రిటైర్మెంట్ డబ్బు 70 లక్షలు బ్యాంకులో ఉంది. వరంగల్ హైవే మీద నారపల్లి దాటాక కట్టబోయే కాంప్లెక్స్‌లో 400 అడుగుల షాపు 60 లక్షలకు ఇస్తామంటున్నారు. మొత్తం ఒకేసారి కడితే, పూర్తయ్యే దాకా మూడేళ్లు నెలకు 40 వేల అద్దె ఇస్తారట. లక్ష టోకెన్ ఇచ్చాను. మా అబ్బాయి వద్దంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అబ్బాయి మాట వినండి. ఇంకా గోడలే లేని షాపుకి అద్దె కట్టేదెవరు? మూడేళ్లకు వాళ్లిచ్చేది 14 లక్షల 40 వేలు. అది మీ 60 లక్షల్లోంచి తీసి మీకే ఇస్తున్నట్టు.

పైగా ధర 60 దగ్గర ఆగదు. నిర్మాణంలో ఉన్న షాపు కాబట్టి జీఎస్టీ 12 శాతం, అంటే 7 లక్షల 20 వేలు. రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం, ఇంకో నాలుగున్నర లక్షలు. మొత్తం 71 లక్షల 70 వేలు. మీ దగ్గరున్నదే 70!

మూడేళ్ల తర్వాత అసలు అద్దె ఎంత వస్తుంది? ఒక సాయంత్రం ఏడింటికి ఆ రోడ్డు మీద నడిచి చూడండి. ఎన్ని షట్టర్లకు టు-లెట్ బోర్డులున్నాయో, మీ షాపు ఉప్పల్ నుంచి ఇళ్లకు వెళ్లేవాళ్ల వైపు ఉందో లేదో, ముందు బండి ఆపుకునే చోటుందో లేదో, యూ-టర్న్ ఎంత దూరమో చూడండి. పండ్లు, బేకరీ, కర్రీ పాయింట్ బేరమంతా ఇంటికెళ్లే వైపే. రోడ్డు పనులు మొదలైతే ఏమవుతుందో ఆ దారిలో వాళ్లకు చెప్పక్కర్లేదు. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్‌కు 2018లో శంకుస్థాపన జరిగింది, తర్వాత ఏళ్ల తరబడి దుమ్ము, గుంతలు. ఇక బ్రోషర్‌లోని 400 అడుగులు సూపర్ బిల్టప్ లెక్క, అంటే మెట్లు, కారిడార్ల వాటా కూడా కలిపింది. షట్టర్ లోపల ఎంత వస్తుందో కార్పెట్ ఏరియా రాయించుకోండి. నెలకు 25 వేలొచ్చాయనే అనుకుందాం. ఏడాదికి 3 లక్షలు, పెట్టుబడి మీద 4.2 శాతం. ఖాళీగా ఉన్న నెలలు, మెయింటెనెన్స్, ఆస్తి పన్ను తీసేస్తే ఇంకా తగ్గుతుంది.

దాని బదులు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్ చూడండి, 60 దాటినవాళ్లకు కేంద్ర ప్రభుత్వం నడిపే పొదుపు పథకం. వడ్డీ 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం. ఒక్కొక్కరికి 30 లక్షల పరిమితి కాబట్టి మీరు, మీ ఆవిడ కలిసి 60 లక్షలు పెట్టొచ్చు. మూడు నెలలకోసారి లక్షా 23 వేలు, నెలకు చూస్తే 41 వేలు! బిల్డర్ ఆశ చూపిన 40 వేల కంటే ఎక్కువే, అసలూ పదిలం. గడువు ఐదేళ్లు. మీ డబ్బుతో ఆమె పేరున పెడితే ఆ వడ్డీ కూడా మీ ఆదాయంలోనే కలుస్తుంది, పన్ను లెక్కలో అది మరవకండి. మిగిలిన 10 లక్షలు బ్యాంకులోనే ఉంచండి, ఆస్పత్రి ఖర్చులకు అక్కరకొస్తాయి.

షాపు మీద ఆశ చావకపోతే, పూర్తయి అద్దెకున్నదే చూడండి. గత ఏడాది అద్దె పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ అడగండి. అమ్మేవాళ్లు నోటిమాటగా చెప్పే అద్దెను నేనైతే లెక్కలోకే తీసుకోను.

ఇక టోకెన్ సంగతి. తెలంగాణ రెరా (బిల్డర్లపై నిఘా ఉంచే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో ఆ ప్రాజెక్టు నంబర్ ఉందేమో ఇవాళే చూడండి. ఇంత పెద్ద కాంప్లెక్స్‌ను రెరా రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకానికి పెట్టకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్నా, అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. లక్ష వెనక్కివ్వమని ఈమెయిల్‌లో అడగండి, ఫోన్‌లో వద్దు. రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు దాచుకోండి. ఇవ్వకపోతే వాటితోనే రెరాకు ఫిర్యాదు చేయొచ్చు.