ఏడ్చినప్పుడల్లా ఇవ్వడం కంటే ఒక్కోసారి ఇవ్వడమే ప్రమాదం

మీరు అడిగింది ఇది: "మా బాబుకు నాలుగేళ్లు. అన్నం తినాలన్నా, పడుకోవాలన్నా ఫోన్ కావాలి. ఇవ్వకపోతే నేల మీద పడి దొర్లుతాడు. పదిసార్లు ఏడిస్తే ఎనిమిదిసార్లు ఇవ్వడం లేదు, గట్టిగానే ఉంటున్నాం. అయినా ఎందుకు మారడం లేదు?"

ఆ మిగిలిన రెండుసార్ల వల్లే మారడం లేదు. గట్టిగా ఉన్న ఎనిమిదిసార్లను మీరు లెక్కపెట్టుకుంటున్నారు. వాడికి గుర్తుండేది మెత్తబడిన ఆ రెండే. ఇది నాకు పుస్తకాల్లో కంటే ముందు మా నాయన దగ్గర తెలిసింది. అందుకని ముందు ఆయన సంగతి చెబుతాను, మీ బాబు సంగతికి తర్వాత వస్తాను.

మాది కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో చిన్న పల్లె. అశోకుడి శాసనాలున్న ఎర్రగుడి మాకు దగ్గరే. తొలకరి పడిందంటే మా వైపు రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. ఒకటి శెనక్కాయ విత్తడం, రెండోది వజ్రాలు వెతకడం. తుగ్గలి, జొన్నగిరి, పత్తికొండ, మద్దికెర చుట్టూ ఎర్రచేలల్లో వానకు పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు కడిగి ఆరబోసినట్టు తేలతాయి. వాటిలో ఎప్పుడో ఎవరికో ఒక వజ్రం. అటు అనంతపురం జిల్లాలో వజ్రకరూరు ఊరికి పేరే అది, వజ్రాలు పుట్టే కింబర్లైట్ రాయి ఆ నేల కింద ఉంది. వానాకాలం మొదట్లో బళ్లారి నుంచి కూడా జనం దిగుతారు. సద్ది కట్టుకుని, గుడి అరుగుల మీద పడుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తల వంచుకుని నడుస్తూనే ఉంటారు.

1997లో నాకు తొమ్మిదేళ్లు. నాయన గొర్రు తోలుతున్నాడు, అమ్మ వెనక విత్తనం పోస్తోంది, నేను గట్టు మీద నీళ్ల బిందె దగ్గర కూర్చున్నాను. గొర్రుకు రాయి అడ్డం పడింది. నాయన ఎద్దులను నిలిపి, వంగి, రాయి పెకిలించి పక్కన పడేశాడు. లేవలేదు. అట్లే గొంతుక్కూర్చుని మట్టిలో వేలు పెట్టి కదిలించాడు. కందిగింజంత రాయి. నోట్లో వేసుకుని తడిపి, ఎండకు పట్టి చూశాడు. అమ్మతో ఒక్క మాట అనలేదు. తువ్వాలు కొసకు ముడేసుకుని మళ్లీ మేడి పట్టుకున్నాడు. ఆ రోజు మిగతా సాళ్లన్నీ వంకరగా వచ్చాయి.

రాత్రి దీపం తగ్గించాక ఒక వ్యాపారి మనిషి వచ్చి చూసుకున్నాడు. 18 వేల రూపాయలు ఇచ్చాడు. అది ఎంత చేసే రాయో మాకు ఈనాటికీ తెలియదు. అప్పు తీరింది, అమ్మకు కమ్మలు వచ్చాయి, నాకు స్కూలుకు కొత్త బ్యాగు వచ్చింది.

మరుసటేడు తొలకరి పడిన పొద్దున అమ్మానాయనల మాటలు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి.

"పదునారిపోతాది. నువ్వు యాడికి పోతుండావ్?"

"ఈ పొద్దొక్కటి చూసొస్తా మే. ఎండ ఏటవాలుగా పడేటప్పుడే మెరుస్తాది. రేపు ఇత్తుదాం."

వర్షాధారం సేద్యం తెలిసినవాళ్లకు ఆ 'రేపు' అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఎర్రనేలలో పదును, అంటే విత్తడానికి సరిపడే తడి, రెండు మూడు రోజులే. అది పోతే మళ్లీ వాన కోసం ఆకాశం చూడాల్సిందే. నాయన రేపు కూడా వజ్రాలకే పోయాడు, ఎల్లుండి కూడా పోయాడు. ఆ ఏడు మా చేను ఊళ్లో అందరికంటే వెనక మొలిచింది.

ఇట్లా తొమ్మిదేళ్లు నడిచింది. మొదటి రెండేళ్లూ ఏమీ దొరకలేదు. రెండో ఏడు చివర్లో "ఇంగ చాల్లే" అన్నాడు, నేను నా చెవులతో విన్నాను. మూడో ఏడు ఊరికే అట్లా చూసొస్తానని పోయినవాడికి ఆవగింజ కంటే కాస్త పెద్ద రాయి దొరికింది. రెండు వేలు వచ్చాయి. ఆ రెండు వేలు మమ్మల్ని ఇంకో ఆరేళ్లు తినేశాయి. ఆ ఆరేళ్లలో ఏడో ఏడు ఒక రాయి దొరికితే వ్యాపారి చేతిలోకి తీసుకుని, పలుగురాయి అని విసిరేశాడు. దానికి కూడా నాయన ఆగలేదు, "దగ్గిరికొచ్చినాం" అన్నాడు.

ఊళ్లో ఆశపోతు అన్నారు. ఆ మాట నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. మా నాయన పేకాట ఆడడు, ఒకరి గట్టు జానెడు కలుపుకోలేదు. ఆయనకు ఆ రాళ్లు వచ్చిన తీరు అట్లాంటిది. మొదటి రాయి తర్వాత మరేదీ దొరక్కపోయి ఉంటే రెండేళ్లలో మానేసేవాడు. రోజుకొకటి దొరికి ఒకరోజు ఆగిపోయి ఉన్నా వారంలో తెలిసిపోయేది. ఎప్పుడు దొరుకుతుందో తెలియకుండా, చాలా అరుదుగా, కానీ నిజంగా దొరికింది. దాని నుంచి బయటపడటం ఎవరికైనా కష్టం.

దీనికి పేరుందని తర్వాత డి.ఎడ్. చదివి, 2008 డీఎస్సీ కోసం నంద్యాలలో కోచింగ్‌కు పోయినప్పుడు తెలిసింది. అక్కడ మనోవిజ్ఞానం చెప్పిన పద్ధతి మీద నాకు ఇప్పటికీ బాధ ఉంది. పావ్‌లోవ్ అంటే కుక్క, థార్న్‌డైక్ అంటే పిల్లి, స్కిన్నర్ అంటే ఎలుక, పావురం. ఏ శాస్త్రవేత్త ఏ జంతువుతో ప్రయోగాలు చేశాడో జతపరచండి, ఒక మార్కు. పావ్‌లోవ్‌కు 1904లో నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి అని గాని, తిండి ఇంకా నోటికందకముందే కుక్కలకు లాలాజలం ఊరడం చూసి ఆయన దారి మళ్లాడని గాని ఎవరూ చెప్పలేదు. వందమంది టీచర్లు కాబోయేవాళ్లం కూర్చుని బిట్లు బట్టీ పట్టాం. పునర్బలనం, అంటే ఫలితం దొరికి అలవాటు బలపడటం, అనే మాటను మా ఇళ్లలో ఎక్కడైనా చూశామా అని ఒక్కరూ అడగలేదు.

స్కిన్నర్ గురించి మాత్రం నేను సొంతంగా వెతికి చదివాను. ఎలుక మీట నొక్కితే ఒక తిండి గుళిక పడేది. ఆ గుళికలను ఆయనే చేత్తో తయారు చేసుకునేవాడు. ఒక శనివారం మధ్యాహ్నం చూసుకుంటే, కూర్చుని ఇంకొన్ని చేయకపోతే సోమవారం పొద్దుటికి అయిపోయేలా ఉన్నాయి. అందుకని నొక్కిన ప్రతిసారీ కాకుండా నిమిషానికి ఒక్కసారే గుళిక పడేలా మార్చాడు. ఎలుకలు మానలేదు, నిలకడగా నొక్కుతూనే ఉన్నాయి. తర్వాత పావురాలతో ఈ లెక్కలన్నీ మార్చి మార్చి చూశారు, 1957లో తోటి పరిశోధకుడు ఫెర్‌స్టర్‌తో కలిసి అదంతా అచ్చు వేశాడు. ఎన్నోసారి పొడిస్తే తిండి వస్తుందో తెలియకుండా అలవాటు చేసిన పావురం, తిండి పూర్తిగా ఆపేశాక కూడా వేలసార్లు పొడుస్తూనే ఉంటుంది. అది చదివిన రాత్రి హాస్టల్ మంచం మీద నాకు ఏడుపు ఆగలేదు. ఆ పావురం తల కిందికీ పైకీ ఆడుతుంటే నాకు మా చేలో నడిచే మనిషే కనిపించాడు.

ఇప్పుడు మీ బాబు.

వాడు మొండివాడు కాడు, గారాబంతో చెడిపోనూ లేదు. వాడు మా నాయనలాగా మూడో ఏట రెండు వేల రాయి దొరికినవాడు. ప్రతిసారీ ఇచ్చి ఒక్కసారిగా ఆపేసి ఉంటే త్వరగా మానేవాడు. మీరు ఒక్కోసారి మెత్తబడుతూ, ఎంతసేపు ఏడిస్తే దొరుకుతుందో చెప్పలేం కాబట్టి ఏడుస్తూనే ఉండాలి అని వాడికి మీరే నేర్పారు. కఠినంగా అనిపిస్తే మన్నించండి, నేనూ అదే చేశాను.

ఇంకో సంగతి కూడా చూసుకోండి. ఫోన్ చేతికివ్వగానే ఏడుపు ఆగుతుంది, మీ ప్రాణానికి హాయి అవుతుంది. ఆ హాయి కోసం మీరు ఈసారి ఇంకా తొందరగా ఇస్తారు. దీన్నే రుణాత్మక పునర్బలనం అంటారు. చాలామంది టీచర్లు కూడా దీన్ని శిక్ష అనుకుంటారు. శిక్ష వేరు. బాధ తొలగిపోవడం వల్ల అలవాటు బలపడటం ఇది. అంటే మీరు వాడికి నేర్పుతున్నంతసేపూ వాడు మీకు నేర్పుతున్నాడు.

కొట్టమని ఎవరైనా చెబితే వినకండి. 2009 విద్యాహక్కు చట్టం బళ్లో పిల్లలను కొట్టకూడదని చెప్పి ఇన్నేళ్లయినా, మొదటిరోజు "రెండు తగిలించండి మేడమ్" అని అప్పజెప్పి పోయే తల్లిదండ్రులు నాకు ఇప్పటికీ ఉన్నారు. కొడితే పిల్లాడు మీ ముందు ఏడవడం మానతాడు, నాయనమ్మ దగ్గర ఏడుస్తాడు. "ఏడవకుండా ఉంటే చాక్లెట్" అనే బేరం కూడా వద్దు. 1973లో అమెరికాలో లెప్పర్ అనే మనస్తత్వవేత్త, ఆయన తోటివాళ్లు బడి ఈడు రాని పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి గీయించిన పిల్లలు, తర్వాత వాళ్లంతట వాళ్లు గీయడం బాగా తగ్గించేశారు. అన్నం తినడానికీ ఆడుకోవడానికీ వెల కట్టడం మొదలుపెడితే, ఆకలి ఉన్నా వెల అడుగుతాడు.

మా ఇంట్లో ఎట్లా జరిగిందో చెబుతాను. పోయినేడు మావాడికి నాలుగేళ్లు. అన్నం దగ్గర ఫోన్ ఉండదని నిర్ణయించుకున్నాం. మొదటిరోజు ఇరవై నిమిషాలు ఏడ్చాడు, రెండోరోజు అరగంట. మూడోరోజు యాభై నిమిషాలు, గుక్కపట్టి. ఆపగానే ఏడుపు తగ్గదు, ముందు పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన మీట పనిచేయకపోతే ఎవరైనా ఇంకా గట్టిగా నొక్కుతారు. ఆ యాభయ్యో నిమిషంలో మా అత్త తట్టుకోలేక, "పసిబిడ్డ సొమ్మసిల్లేదాకా సూస్తా కూసుంటారా" అని తన ఫోన్ తీసి ఇచ్చేసింది. ఆమెను నేను తప్పు పట్టను. కానీ ఆ రోజు మావాడికి యాభై నిమిషాల ఏడుపు పనిచేస్తుందని తెలిసింది. మర్నాటి నుంచి ఇరవై నిమిషాల్లో ఆగే ఏడుపు మాకు మళ్లీ కనబడలేదు.

అప్పుడు అత్తను కూర్చోబెట్టుకుని మా నాయన కథ చెప్పాను. పావ్‌లోవ్ చెప్పలేదు, స్కిన్నర్ చెప్పలేదు. మూడో ఏటి రాయి గురించి చెప్పాను. ఆమెది పక్క మండలమే, వజ్రాల కోసం పోయి చేలు పాడుచేసుకున్నవాళ్లను చూసింది. ఒక్క నిమిషం ఊరుకుని, "నేను రాయి దొరికిచ్చినా అన్నమాట" అంది. ఆ తర్వాత ఆమె ఒక్కసారి కూడా ఇవ్వలేదు. అన్నం వేళకు వాడిని ఒళ్లో వేసుకుని కోడిపిల్లలకు గింజలు చల్లించేది. అది ఏడ్చాక కాదు, ఏడుపు మొదలవకముందే. ఈ తేడా చాలా ముఖ్యం. వాడు మానడానికి పదకొండు రోజులు పట్టింది.

జ్వరంతోనో, భయంతోనో, నిద్ర చాలకో ఏడ్చే ఏడుపు వేరు, దానికి ఎత్తుకోవాల్సిందే. అది ఏ ఏడుపో తల్లికి తెలుస్తుంది. ఇంట్లో అందరూ ఒక్క మాట మీద ఉండగలరని నమ్మకం కుదిరాకే మొదలుపెట్టండి. ఎవరైనా మధ్యలో ఇచ్చే పరిస్థితి ఉంటే, సగంలో ఓడిపోయేదానికంటే పది రోజులు ఆగి మొదలుపెట్టడం మేలు. కొంచెం కొంచెంగా తగ్గించాలనుకుంటే కూడా ఫలానా వేళకు ఇంతసేపు అని గడియారం ప్రకారం ఇవ్వండి, ఏడుపు ప్రకారం మాత్రం వద్దు.

పూర్తిగా పోతుందా అంటే, మూడు వారాలు మామూలుగా ఉన్న మావాడు నంద్యాలలో ఒక పెళ్లిలో ఎవరి చేతిలోనో ఫోన్ చూసి పాత పద్ధతిలో నేలమీద పడ్డాడు. మా పాఠ్యపుస్తకాల్లో దీన్ని అయత్నసిద్ధ స్వాస్థ్యం అంటారు. ఆగిపోయిందనుకున్నది కొన్నాళ్లకు దానంతటదే తల ఎత్తుతుంది. ఆ పూట కూడా ఇవ్వకపోతే ఈసారి తొందరగా తగ్గుతుంది, మావాడికి పది నిమిషాల్లో తగ్గింది.

నాయనకు తగ్గించింది అమ్మ. 2006లో పొదుపు సంఘం లోనుతో ఒక బర్రెను కొనింది. వజ్రాలకు పోవద్దని ఆమె ఒక్క మాట అనలేదు. పాలు కేంద్రానికి పోసే పని నాయనకు అప్పజెప్పింది. పొద్దున ఆరుకు, సాయంత్రం ఆరుకు, సరిగ్గా ఎండ ఏటవాలుగా పడే వేళల్లో. పదిహేను రోజులకోసారి బిల్లు వస్తే డబ్బులు ఆయన చేతికే పెట్టేది, లెక్క ఆయనతోనే రాయించేది. రెండో ఏటికి పదును దాటకముందే మా చేలో గొర్రు తిరిగింది.

ఆయనకు ఇప్పుడు అరవై ఎనిమిది. పోయిన జూన్‌లో నేను ఊళ్లో ఉన్నప్పుడే మొదటి వాన పడింది. తెల్లారి లేచి చూస్తే నాయన చేని గట్టు మీద నిలబడి ఉన్నాడు, తల కిందికే ఉంది. అమ్మ పిలవలేదు. పాల క్యాను తీసుకుని గట్టు దాకా నడిచిపోయి, ఆయన చేతికిచ్చి వచ్చింది.