పొలం అమ్మే ముందు మూడు నెలల లెక్క వేయండి

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. కాలేయ క్యాన్సర్ ఛాతీలోకి, ఊపిరితిత్తులకు పాకిందన్నారు. మూడు వారాలకోసారి ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తి క్యాన్సర్‌తో పోరాడేలా చేసే మందు) ఎక్కించాలట. 5 లక్షల ఆరోగ్య బీమా, నాన్నగారి పేరిట పదకొండేళ్ల పీపీఎఫ్ ఖాతాలో 9 లక్షలు, ఎకరంన్నర పొలం ఉన్నాయి. పొలం ఇప్పుడే అమ్మేయమంటారా? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఇప్పుడే బేరం పెట్టకండి. ఈ దశలో ఖర్చు ఒక్క ఆపరేషన్‌తో తీరేది కాదు. మందు పనిచేస్తూ ఒంటికి పడుతున్నంత కాలం నడిచేది. చాలామందిలో వ్యాధిని అదుపులో ఉంచి ఆయుష్షు పొడిగించడమే వైద్యం లక్ష్యం కాబట్టి, మీ నాన్నగారి విషయంలో ఏమి ఆశించవచ్చో డాక్టరుగారిని సూటిగా అడగండి. సాధారణంగా రెండు మూడు నెలలకోసారి స్కాన్ చూసి, అదే మందు కొనసాగించాలో మార్చాలో తేలుస్తారు. అందువల్ల మొదటి నాలుగు డోసులకు, స్కాన్‌కు, రక్తపరీక్షలకు, డేకేర్‌కు విడివిడిగా అంచనా రాయించుకోండి.

ఇమ్యునోథెరపీగా ఎక్కించే అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ మందుల జోడీ ఖరీదైనది, పైగా కాలేయం పనితీరు బాగున్నవారికే ఎక్కువగా ఇస్తారు. సొరాఫెనిబ్, లెన్వాటినిబ్ మాత్రలు మరో దారి. అప్పట్లో నెలకు సుమారు 2.8 లక్షలున్న సొరాఫెనిబ్‌ను, 2012లో కంపల్సరీ లైసెన్సు (పేటెంటుదారు ఒప్పుకోకపోయినా మందు తయారుచేసేందుకు ప్రభుత్వమిచ్చే అనుమతి) పొందిన హైదరాబాద్ సంస్థ నాట్కో 8,880 రూపాయలకు ఇవ్వవలసి వచ్చింది. ఏ మందన్నది వైద్యుల నిర్ణయమే అయినా, జనరిక్ (అదే మందుకు వేరే కంపెనీ చౌక రూపం) గాని బయోసిమిలర్ (ఎక్కించే జీవ ఔషధాలకు అలాంటి ప్రత్యామ్నాయం) గాని దొరుకుతుందా అని అడగవలసింది మీరే.

పాలసీలో ఇమ్యునోథెరపీకి ఉపపరిమితి (ఆ ఒక్క చికిత్సకు విడిగా పెట్టిన గరిష్ఠ మొత్తం) ఉందేమో ముందుగా చూడండి. 5 లక్షల పాలసీ అయినా ఈ పద్దుకు అంత రాకపోవచ్చు. కేస్ షీట్‌లో మద్యం అలవాటు గురించి ఏమి రాశారో కూడా చదవండి. మద్యం వల్ల వచ్చిన జబ్బేనంటూ కాలేయ జబ్బుల క్లెయిములు ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోతుంటాయి. అబద్ధం రాయించమని కాదు, తప్పు రాసి ఉంటే అప్పుడే సరిచేయించమంటున్నాను. ఎన్టీఆర్ వైద్య సేవకు అర్హత ఉంటే, ఈ మందు ప్యాకేజీలో ఉందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర చెబుతారు.

ఆ తర్వాతే పీపీఎఫ్. ముందు పాక్షికంగా తీసుకోండి. ప్రాణాంతక వ్యాధి కారణంగా ఖాతానే మూసివేయవచ్చు గాని, వడ్డీ ఒక శాతం తగ్గించి లెక్కగడతారు. పొలం చివరి వరుసలో ఉండాలి. తొందరలో అమ్మేవారికి ధర పలకదు, పైగా అది మీ అమ్మగారి రేపటి ఆధారం కూడా. ఈలోగా, నాన్నగారు సంతకం చేయగలిగి ఉండగానే, బ్యాంకు ఖాతాను అమ్మగారితో ఉమ్మడిగా మార్పించి, ప్రతి పొదుపులోనూ నామినీ పేరు సరిచూడండి.